మూడు చేలకు మాటిచ్చిన కుళ్ళాయప్ప

మా కుళ్ళాయప్ప ఉరవకొండ నుంచి అనంతపురం దాకా బస్సుతో పందెం వేసి, పరుగెత్తి గెలిచాడు. బస్సు కూడేరు దాటకముందే వాడు అనంతపురం చేరి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని కాలేజీ మెట్లెక్కాడు. దారిలో డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "కొంచెం నిదానంగా పో అన్నా, ప్యాసింజర్ల ముందర మాకు తలకొట్టేసినట్టు ఉండాది" అని బతిమాలుకున్నాడట. 'అట' అన్నానని ఇంకెవరో చెప్పారనుకోవద్దు. చెబుతున్నది నేనే. ఉరవకొండ బస్టాండులో సోడా షాపు నాది. ఏ బస్సు ఎక్కడ దగ్గుతుందో, ఎక్కడ మూలుగుతుందో నాకు తెలిసినట్టు దాన్ని తయారుచేసినవాడికి కూడా తెలియదు.

ఇప్పటి కుళ్ళాయప్పను చూసినవాళ్ళు ఈ మాట నమ్మరు. వాడిప్పుడు ఓవర్సీరు. నెత్తిన టోపీ, సైకిలు హ్యాండిలుకు గుడ్డసంచి, కాలువ గట్ల మీద తిరుగుడు. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. నేనొక కథ చెబితే అందులో సగం తీసేసి మిగిలింది నా చేతిలో పెట్టే రకం. వాడి గురించి రాయడానికి నాకున్న అర్హత ఏమిటంటే, మాది ఒకే ఊరు, ఒకే బెంచీ. నాలుగో ఫారంలో చదువుకు నామీద విరక్తి పుట్టి లేచిపోయింది, నేను మర్యాదగా పక్కకు జరిగి దానికి దారిచ్చాను. కుళ్ళాయప్ప మాత్రం ఎస్సెల్సీ దాకా దాని వెంటపడ్డాడు.

ఆ రోజుల్లో వాడు ఒకచోట కూర్చోగా చూసినవాళ్ళు లేరు. వాళ్ళమ్మ సుంకమ్మత్త జొన్నరొట్టె చేతిలో పెడితే వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ తినేవాడు. చదవడం కూడా గుట్ట ఎక్కుతూ దిగుతూనే. చరిత్ర పుస్తకం పూర్తయ్యేసరికి గుట్ట మూరెడు పొట్టిదయిందని మా ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. నిద్రలో కూడా చేతులు ఊరుకోవు. కప్పుకున్న కంబళి అంచున ఉన్నిపోగులు ఒక్కొక్కటే పీకేవాడు. ఈ కంబళి మొన్నటిదాకా వాడి పాదాలను దాటి ఉండేది, ఇప్పుడు మోకాళ్ళకొచ్చిందని సుంకమ్మత్త దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం చివర్లో ఎస్సెల్సీ ఫలితాలు వచ్చాయి. బస్సులో దిగిన పేపరు మొదట చేరేది సోడా షాపుకే. అప్పటికి షాపు మా చిన్నాయనది, గోలీలు కొట్టే చెయ్యి నాది. నంబరు నేనే చూసి పాసయ్యావు పొమ్మంటే నమ్మక, పేపరు లాక్కుని చూశాడు. మరుసటి రోజు పేపరు కూడా వచ్చి చూశాడు. తెల్లారేసరికి మనసు మార్చుకుని తీసేశారేమోనని.

పాసయ్యాక అందరూ కుదురుకుంటారు. వాడికి అక్కణ్ణుంచే మొదలైంది.

హైస్కూల్లో లెక్కలు చెప్పే యేసన్న సారు వాణ్ణి పిలిపించి, ఒక్క కాలేజీకే రాసి కూర్చుంటే ఏడాది వృథా అవుతుంది, మూడు చోట్లకు పెట్టు అన్నారు. అనంతపురం కాలేజీలో పి.యు.సి.లో చేరితే తర్వాత డిగ్రీ, ఆ తర్వాత ఏదో ఒక ఆఫీసులో కుర్చీ. కుర్చీ అన్న మాట వినగానే కుళ్ళాయప్పకు చెమట పట్టింది. రెండోది బళ్ళారి కాలేజీ. అక్కడ సుంకమ్మత్త తమ్ముడు ఎద్దులబండి తోలేవాడు, ఇల్లుంది, కూటికి లోటుండదు. కానీ రాష్ట్రాలు విడిపోయినప్పుడు బళ్ళారి మైసూరు వైపు పోయింది. అక్కడ చదివినవాడికి ఇక్కడ ఉద్యోగం ఇస్తారో లేదో మా బస్టాండులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పేవారు. మూడోది అనంతపురంలోనే ఉన్న పాలిటెక్నిక్. అక్కడ చదివితే ఓవర్సీరు కావచ్చు. ఆ మాట యేసన్న సారు చివర్లో, గొడుగు తీసుకుని లేస్తూ అన్నారు. సీటు కష్టం, ఎక్కడెక్కడివాళ్ళో ఎగబడతారు, అయినా పెట్టి చూడు అన్నారు.

ఓవర్సీరు అంటే ఏమిటో మాకు తెలుసు. విడపనకల్లు వైపు కాలువ కోసం కొలతలు వేసే రోజుల్లో, తండ్రికి సద్దిమూట తీసుకుపోతున్న కుళ్ళాయప్ప వాళ్ళ వెంటపడి పొద్దుగూకేదాకా తిరిగాడు. సద్దిమూట తండ్రికి మరుసటి రోజు చేరింది. మూడుకాళ్ళ యంత్రం, ఇనుప గొలుసు, ఎరుపూ తెలుపూ గీతల కొయ్య, ఇవి పట్టుకుని ఆ మనుషులు గట్లూ వంకలూ దాటుకుంటూ నడుస్తూనే ఉన్నారట. "నడిచేదానికి జీతమిస్తారంట ఓబుళేసూ" అన్నాడు వాడు నాతో. అన్నాడంతే. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

మూడు అప్లికేషన్లూ యేసన్న సారు దగ్గరుండి రాయించారు. పోస్టు డబ్బాలో వేశాక కుళ్ళాయప్ప ఇంటికి పోలేదు. డబ్బా పక్కనే నిలబడ్డాడు. తపాలా తీసేవాడు వస్తే, బళ్ళారిది ఒకసారి వెనక్కిస్తావా, తండ్రి పేరు సరిగా రాశానో లేదో చూసుకుంటానన్నాడు. ఇవ్వకపోతే దానితో పాటు బస్సుదాకా నడిచి, సంచి బస్సులోకి ఎక్కించేదాకా చూశాడు. ఆ రోజునుంచి పొద్దున బళ్ళారి అనేవాడు, మధ్యాహ్నం అనంతపురం అనేవాడు, సాయంత్రానికి ఏదీ వద్దు గొర్రెలు మేపుకుంటాననేవాడు. కనబడినవాళ్ళనందరినీ నువ్వయితే ఎక్కడ చేరతావని అడిగాడు. కండక్టరు రంగన్నను అడిగాడు. సోడా తాగడానికొచ్చిన గాజులమ్మేవాణ్ణి అడిగాడు. చివరికి మా పోట్లగొర్రెను కూడా అడిగాడు. అది బళ్ళారి వైపు తల ఊపిందని సుంకమ్మత్తకు నేనే చేరవేశాను, ఆమెకు సంతోషమయ్యే మాట కదా అని.

ఇక వాడి తండ్రి మారెప్ప మామ గురించి చెప్పాలి. ఆయన లేకపోతే ఈ కథ లేదు.

మారెప్ప మామ గొర్రెలకాపరి. తొలివాన పడకముందు విడపనకల్లు వైపు నల్లరేగడి రైతులు తమ చేలల్లో గొర్రెల మంద పెట్టించుకుంటారు. మంద పడుకుని లేచిన చేనికి ఆ ఏడు వేరే ఎరువు అక్కర్లేదు. అందుకని కాపరికి గింజలిస్తారు, గొర్రెలకు బావి నీళ్ళిస్తారు. కాపరి ముందుగా పోయి మేత చూసుకుని, నీళ్ళు చూసుకుని, రైతుకు మాటిచ్చి వస్తాడు. కాగితం లేదు, సాక్షి లేదు. ఆ మాట నమ్ముకుని రైతు దుక్కి ఆపుకుని కూర్చుంటాడు. మంద ఒక్కటే కాబట్టి మాట కూడా ఒక్కచోటే. ఏ కారణం చేతనైనా రాలేకపోతే కాపరి స్వయంగా నడిచిపోయి, రైతు మొహం చూసి చెప్పి రావాలి. కబురు పంపితే చెల్లదు. చెప్పకుండా ఎగ్గొట్టినవాడికి మరుసటి ఏడు ఆ దారిలో గొర్రెలకు నీళ్ళు కూడా పుట్టవు. మారెప్ప మామ తన జన్మలో ఒక్క చేనికీ మాట తప్పలేదు.

ఆయన మందతో నెలల తరబడి బయట తిరిగి ఇల్లు చేరిన రోజుకు ఇంట్లో పండగ. అనంతపురం కాలేజీ నుంచి కార్డు వచ్చి ఉంది, పి.యు.సి.లో సీటిచ్చాం, ఫలానా తేదీకి వచ్చి చేరమని. తక్కిన రెండు చోట్లనుంచీ ఇంకా ఏమీ రాలేదు. సుంకమ్మత్త బెల్లం పెట్టి ఓళిగలు చేసింది. నేను తినిపోదామని వచ్చి గోడకానుకుని కూర్చున్నాను కాబట్టి ఆ మాటలు నా చెవులతో విన్నాను. కుళ్ళాయప్ప వాకిట్లో తిరుగుతూ తండ్రికి మూడు కాలేజీల సంగతీ చెప్పాడు. మారెప్ప మామ ఓళిగ తినడం ఆపాడు.

"మరి తక్కినోళ్ళకు చెప్పినావా?"

"ఎవరికి నాయనా?"

"బళ్ళారోళ్ళకు, ఆ మిషన్ల కాలేజోళ్ళకు. మాటిచ్చినావు గదా."

"అది మాట కాదు నాయనా, అప్లికేషను."

"రాసింది నువ్వే గదా?"

"నేనే."

"వస్తానని రాసినావా, రానని రాసినావా?"

"వస్తాననే."

"మరి మాట కాకపోతే ఏంది అది?"

కుళ్ళాయప్ప వాకిట్లో ఇంకో చుట్టు తిరిగాడు. నేను ఇంకో ఓళిగ అందుకున్నాను. ఆ కాలేజీలకు వందలమంది రాస్తారని, అందులో కొందరినే తీసుకుంటారని, ఎవరూ మనకోసం దుక్కి ఆపుకుని కూర్చోరని సుంకమ్మత్త చెప్పి చూసింది. గొర్ల వెంట తిరిగి తిరిగి నీకు మనుషులూ గొర్ల మాదిరే కనపడతాండారని కూడా అంది. మారెప్ప మామ చెయ్యి కడుక్కుని, వాడి పేరు వాళ్ళ దగ్గర ఉన్నంతకాలం వాళ్ళు ఎదురుచూస్తున్నట్టే అన్నాడు. వాడు పిల్లోడు, వాడి మాట తండ్రి ఎత్తుకుంటే తప్పులేదు, నేనే పోయి చెప్పొస్తానన్నాడు.

ముందు బళ్ళారి పోయాడు. చేతికర్ర పట్టుకుని, భుజాన కంబళి వేసుకుని, కాలినడకన. అక్కడ ఆఫీసులో ఉన్నాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇంకొకసారి చెప్పించుకుని, మంచినీళ్ళు ఇప్పించి పంపాడట. మంచోళ్ళు, కోపం చేసుకోలేదు అని తిరిగొచ్చి చెప్పాడు. తమ్ముడి ఊరు చేజారినందుకు సుంకమ్మత్త రెండు పూటలు మొగుడితో మాట్లాడలేదు. కుళ్ళాయప్పకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. తండ్రి బళ్ళారిలో ఉన్న ఆ ఒక్క రాత్రీ వాడి కంబళిలో పోగు తెగలేదు.

ఆ తర్వాత మారెప్ప మామ కొత్త తలపాగా చుట్టుకుని అనంతపురం బయలుదేరాడు. తలపాగాకు దుమ్ము పడుతుందని ఈసారి బస్సుకే. కొడుకు వాకిట్లో నిలబడి చూశాడు. వద్దనడానికి నోరు రాలేదో, వద్దనాలని అప్పటికి తెలియలేదో. గొర్రెలను తోలుకుని గుట్టకు పోయాడు. గుట్ట మీదినుంచి రోడ్డు కనబడుతుంది. దాని మీద బస్సు దుమ్ము లేపుకుంటూ పోవడం వాడు చూశాడు. పక్కన మేపుకుంటున్న మారెక్క చెప్పిన మాట ఇది: దుమ్ము అణిగేదాకా చూసి, చేతిలో కొమ్మ కిందపడేసి, "అక్కా, గొర్లు జాగ్రత్త" అని గుట్ట దిగి పరుగు పెట్టాడు. దారిలో పోకుండా ముళ్ళకంపలకు అడ్డంపడి పోయాడు. ఎవరన్నా చచ్చిపోయినారేమో అనుకుందట ఆమె.

బస్టాండుకు వచ్చేసరికి చొక్కా చినిగి ఉంది, కాళ్ళు గీరుకుపోయి ఉన్నాయి. రెండో బస్సు జనాన్ని ఎక్కించుకుంటోంది. నేను సోడా కొట్టి ఇచ్చాను. పట్టుకున్నాడు, తాగలేదు.

"మా నాయన పోయినాడా ఓబుళేసూ?"

"పొద్దున్నే పోయినాడప్పా. తలపాగా చూసి పెండ్లికేమో అనుకుంటి."

"నేను రానని చెప్పేదానికి పోయినాడు, పాలిటెక్నిక్కుకు."

"పోతే పోనీలే. పెద్ద కాలేజీ కార్డు వచ్చింది గదా నీకు."

"నాకది వద్దు."

"ఎప్పట్నుంచిరా?"

"ఇప్పట్నుంచే."

అన్ని రోజులు ఊరందరినీ అడిగిన ప్రశ్నకు వాడి నోటినుంచి జవాబు రావడం అదే మొదటిసారి. అది మా షాపు ముందర, నా సోడా పట్టుకుని వచ్చింది. ఈ సంగతి వాడు మరిచినా నేను మరవను. ఇంతలో బస్సు కదిలింది. కుళ్ళాయప్ప సీసా నా చేతిలో పెట్టి దాని వెనక పరుగెత్తాడు. నేను కళ్ళారా చూసింది అంతవరకే. దుమ్ములో బస్సూ కనబడలేదు, వాడూ కనబడలేదు. కానీ సాయంత్రం ఆ బస్సుతోనే రంగన్న తిరిగొచ్చి, మేము అనంతపురం చేరేటప్పటికి మీ కుళ్ళాయప్ప అక్కడ వాళ్ళ నాయనతో రోడ్డు మీద నడుస్తాండాడు అన్నాడు. ఎలా ముందు చేరాడని అడిగితే, ఏమో, బస్సు మీద నాకు సవాలక్ష పనులు అన్నాడు. బస్సు వెనక పరుగెత్తినవాడు బస్సుకు ముందు చేరాడంటే మధ్యలో ఏం జరిగి ఉంటుందో చెప్పడానికి ఎస్సెల్సీ అక్కర్లేదు. పందెం సంగతి అప్పుడే తేల్చేశాను.

పాలిటెక్నిక్ లో జరిగింది మారెప్ప మామే నాకు చెప్పాడు, కాబట్టి అందులో నా చెయ్యి లేదు. ఆయన పొద్దున్నే పోయి, ఎదురుచూసే పెద్దమనిషి ఎవరో ఆయన్ను చూడాలని అడిగాడు. గుమాస్తాకు అర్థం కాలేదు. సీటు కావాలని వచ్చేవాళ్ళను చూశాడు గాని, వద్దని చెప్పడానికి బస్సెక్కి వచ్చినవాణ్ణి ఆయన ఎప్పుడూ చూడలేదు. ఎందుకైనా మంచిదని వరండాలో కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం దాటాక ప్రిన్సిపాలు లోపలికి పిలిపించాడు. మారెప్ప మామ చేతికర్ర గడప బయట పెట్టి, తలపాగా సర్దుకుని, మా పిల్లోడు కుళ్ళాయప్ప అని మొదలుపెట్టాడో లేదో, గడపలో ఆ పిల్లోడే నిలబడి ఉన్నాడు. తలనుంచి కాలిదాకా దుమ్ము. ముందు తన కొడుకని గుర్తుపట్టలేదట ఆయన.

వీడెవడని ప్రిన్సిపాలు అడిగితే, వీడేనని మారెప్ప మామ చెప్పి, మొదలుపెట్టిన మాట పూర్తిచేశాడు. వీడు వేరేచోటికి మాటిచ్చినాడు, తమరు ఎదురుచూడొద్దు సామీ. అది విని ప్రిన్సిపాలు కొడుకువైపు చూశాడు.

పుట్టినప్పటినుంచి కుళ్ళాయప్ప నలుగురిలో తండ్రి మాటకు ఎదురు చెప్పింది లేదు. కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. గోడమీద చూశాడు, నేలమీద చూశాడు.

"నాయనకు నేను చెప్పలేదు సార్. నాకు ఈడనే కావాల."

మారెప్ప మామ తలపాగా మళ్ళీ సర్దుకున్నాడు. ప్రిన్సిపాలు, ఇక్కడ లిస్టు ఇంకా తయారు కాలేదని, నీ మార్కులకు సీటు వస్తుందో రాదో నేను చెప్పలేనని, చేతిలో ఉన్న సీటు వదులుకోవద్దని, అక్కడ చేరి ఉండు, ఇక్కడ వస్తే మారవచ్చని నిదానంగా చెప్పాడు. మంచి సలహా. నేనయితే ఆ రెండూ పట్టుకుని, మూడోదొకటి జేబులో వేసుకునేవాణ్ణి.

వరండాలోకి వచ్చాక మారెప్ప మామ కొడుకును తిట్టలేదు. చేతికర్ర తీసుకున్నాడు.

"ఈడనే కావాలంటే, ఆడికి పోయి రానని చెప్పు."

"ఈడ రాకపోతే?"

"రాకపోతే గొర్లుండాయి."

"నువ్వు రావా నాయనా?"

"వస్తా. కానీ నేను చెప్పను. ఇది నీ మాట, నువ్వే ఎత్తుకోవాల."

ఇద్దరూ ఊరికి అడ్డంగా నడిచి పెద్ద కాలేజీకి పోయారు. రంగన్న చూసింది ఆ నడకనే. మారెప్ప మామ గేటు బయట వేపచెట్టు కింద ఆగిపోయాడు. కుళ్ళాయప్ప ఆఫీసు కిటికీ ముందు నిలబడి కార్డు లోపలికి చాపాడు. లోపలాయన సీటు వద్దా అన్నాడు. వద్దు సార్ అన్నాడు. ఎందుకయ్యా అన్నాడు. వేరేచోటు కావాల సార్ అన్నాడు. అక్కడ వచ్చిందా అన్నాడు. రాలేదు సార్ అన్నాడు. ఆయన వీడి మొహం కాసేపు చూసి, ఎండదెబ్బ తగిలినవాడేమో అనుకున్నట్టున్నాడు, తర్వాత పేరు కొట్టేశాడు.

అలా మూడు చేలకు మాటిచ్చినవాడు ఒక్క చేనూ చేతిలో లేకుండా ఊరికి వచ్చాడు. వాళ్ళమ్మ ఈసారి రెండు పూటలతో ఆగలేదు. యేసన్న సారు గొడుగు నేలకు పొడుస్తూ, నేను రాయించింది ఒకటి, మీరు చేసింది ఒకటి అన్నారు. పాలిటెక్నిక్ లో లిస్టు పెట్టారని తెలిసి నేనూ రంగన్నా పోయి గోడమీద చూసి వచ్చాం. కుళ్ళాయప్ప పేరు లేదు. ఆ మాట నేను నవ్వకుండా చెప్పాను, చరిత్రలో అదొక్కసారే.

వాడు తండ్రితో పాటు మందకు పోయాడు. తొలివాన పడకముందు మాటిచ్చిన ఒక చేనిలో మంద పెట్టే పని. గొర్రెలు పడుకున్నా వీడు పడుకోలేదు. చేని గట్టు పట్టుకుని అటు కొసనుంచి ఇటు కొసకు నడిచాడు, ఇటు కొసనుంచి అటు కొసకు నడిచాడు. ఆ చేని చుట్టుపక్కల అంత బాగా తొక్కుడుపడిన గట్టు ఇప్పటికీ లేదు.  ఒకసారి వాడి పక్కన మారెప్ప మామ కూడా ఒక చుట్టు నడిచాడట, అంతవరకూ కంబళిలోంచి కదలని మనిషి.

అలా నడుస్తుండగా ఒకనాడు చేలోకి జీపు వచ్చింది. ప్రిన్సిపాలే దిగాడు. గొర్రెల మధ్యలోంచి నడిచి వచ్చి, మూడు కాలేజీలకు మొహం చూసి నిజం చెప్పిన వంశం మీది, మా కాలేజీకి మీరే కావాలి అని మారెప్ప మామ చేతులు పట్టుకున్నాడు. గొర్రెలు లేచి దారిచ్చాయి. అప్పుడే తొలివాన కూడా పడింది. కుళ్ళాయప్ప జీపెక్కాడు. తర్వాత కాలంలో ఓవర్సీరు అయ్యాడు. ఇప్పుడు నడిచినందుకు జీతం తీసుకుంటున్నాడు.

ఇదంతా రాసి, మొన్న కాలువ పనినుంచి వస్తూ కుళ్ళాయప్ప షాపు ముందర సైకిలు ఆపినప్పుడు చదివి వినిపించాను. నిలబడే విన్నాడు. సోడా పూర్తిగా తాగి, సీసా బల్లమీద పెట్టి, సైకిలు స్టాండు తీస్తూ అన్నాడు:

"పందెం లేదు, ఏం లేదు. బస్సు వెనక నిచ్చెన పట్టుకుని ఎక్కితి. కూడేరు కాడ అది చెడిపోతే దిగి, రాళ్ళ లారీలో పోతి. జీపు రాలేదు. ఇంకెవరో పిల్లోడు వేరే కాలేజీకి పోతాండానని ముందే వచ్చి చెప్పిపోయినాడంట, ఆ సీటు నాకిచ్చినారు."